పిక్నిక్ కమిటీకి ఓ లెటర్: దక్షిణచిత్రని ఈసారి దారిలో స్టాప్‌గా పెట్టకండి

మన తెలుగు సంఘం పిక్నిక్ కమిటీ అన్నయ్యలకి, అక్కలకి, ముఖ్యంగా ప్రతి ఏడూ బస్సులు మాట్లాడే బాబాయి గారికి నమస్కారం.

మొన్న మీటింగులో ఈసారి పిక్నిక్ ప్లాన్ చదివారు కదా, అప్పుడే చెయ్యెత్తి చెప్దామనుకున్నా గానీ అప్పటికే సమోసాలొచ్చేశాయి, అందరి ధ్యాస అటు పోయింది. అందుకే అందరూ చదివేలా ఇలా రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

ప్లాన్ ఏంటంటే పొద్దున్న ఏడింటికి చెన్నై వేళచ్చేరిలో బయల్దేరడం, ఈసీఆర్ (సముద్రం వెంబడి వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద టిఫిను, పదింటికి దక్షిణచిత్ర (పాతకాలం ఇళ్ళ మ్యూజియం), పదీ యాభైకి మళ్ళీ బస్సెక్కేసి మొసళ్ళ పార్కు, అక్కణ్ణించి మహాబలిపురం, భోజనం, గుడి, బీచి, తంబోలా, తిరుగు ప్రయాణం. కాలికి బలపం కట్టుకుని తిరగడం అంటారే, అదే. దక్షిణచిత్రకి అచ్చంగా యాభై నిమిషాలు, అందులో టికెట్ల లైనుకో పది, బాత్రూములకో పదిహేను తీసేస్తే పద్దెనిమిది ఇళ్ళున్న చోట మిగిలేది పాతిక నిమిషాలు, అంటే ఇంటికి నిమిషంన్నర కూడా రాదు, చుట్టాలింటికెళ్ళి గుమ్మంలోంచే దండం పెట్టి వచ్చేసినట్టు.

రెండేళ్ళ కిందట ఇలాగే చేశాం, గుర్తుందో లేదో. ఆ రోజు మా అమ్మ అక్కడున్న చుట్టిల్లు (గుండ్రటి తాటాకు మట్టిల్లు) ముందర నిలబడిపోయింది. అమ్మది యలమంచిలి వైపు పల్లెటూరు, పుట్టింది పెరిగింది అలాంటి చుట్టింట్లోనే. "ఇదేట్రా, మనిల్లు ఇక్కడికెలాగొచ్చేసింది" అని నవ్వింది, తర్వాత చూరు కింద వంగి లోపలికెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. బస్సు హారను మీద హారను. నేను లోపలికెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చా. ఎవర్నీ తప్పు పట్టట్లేదు, డ్రైవరుకి చెప్పిన టైము అది, ఆయన డ్యూటీ ఆయన చేశాడు. కానీ ఆ రోజు సాయంత్రం దాకా అమ్మ మాట్లాడలేదు, మహాబలిపురంలో గుడి కూడా బస్సులోంచే చూసింది.

సరే అసలు విషయానికొస్తా. నేనడిగేది ఒక్కటే, ఈసారి మొత్తం రోజు దక్షిణచిత్రకే ఇచ్చేయండి. మొసళ్ళెక్కడికీ పోవు. సముద్రం ఒడ్డున గుడి పదమూడు వందల ఏళ్ళనించి అక్కడే వుంది, ఇంకో ఏడాది ఆగుతుంది. కానీ మన సంఘంలో తిరగలి తిప్పినవాళ్ళు, మోట తోలినవాళ్ళు, చీర నేతకి దారం ఆసు పోసినవాళ్ళు ఎంతమంది మిగిలారో ఓసారి వేళ్ళ మీద లెక్కెట్టండి. పోయినేడు మనం ముగ్గురు పెద్దవాళ్ళకి సంతాప సభ పెట్టాం.

తెలీనివాళ్ళ కోసం కొంచెం చెప్తా, ఎందుకంటే మీటింగులో ఒకరు "అదేదో హ్యాండీక్రాఫ్ట్స్ షాపు కదా" అన్నారు. షాపు కూడా వుంది, కాదనను, అక్కలకి ఆ షాపులోనే గంట పడుతుంది. కానీ అది ఇళ్ళ మ్యూజియం. ముట్టుకాడులో పదెకరాల్లో, పక్కనే బంగాళాఖాతం. చెట్టినాడు వైపు పెద్ద పెద్ద ఇళ్ళు కూలగొట్టి స్తంభాలు, తలుపులు విడివిడిగా అమ్మేస్తుంటే చూసి తట్టుకోలేక డెబొరా త్యాగరాజన్ అని అమెరికాలో పుట్టి తమిళనాడు కోడలైనావిడ మొదలెట్టారు. 1984లో మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ పెట్టారు, మ్యూజియం తెరిచింది 1996 డిసెంబరు 14న. చవగ్గా, గాలి వెలుతురు వచ్చేలా ఇళ్ళు కడతాడని పేరున్న లారీ బేకర్ డిజైన్‌లో సాయం చేశారు, ఆ తర్వాత ఆయన దారిలోనే బెన్నీ కురియకోస్ కట్టుకుంటూ వచ్చారు. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర, నాలుగు వైపుల ఇళ్ళూ వున్నాయి (ఆంధ్ర అంటే అప్పటి ఆంధ్ర, తెలంగాణ వాళ్ళు కోప్పడకండి, మీ ఇల్లే అక్కడ ముందర చూపించాల్సిన ఇల్లు, చెప్తా).

ఇళ్ళు ఎలా తెచ్చారంటే, ఓనర్లు ఎలాగూ పడగొట్టేద్దామనుకున్న ఇల్లు కొనుక్కుని, దూలాలు, వాసాలు, తలుపులు, పెంకులు జాగ్రత్తగా విప్పి, నంబర్లేసి, లారీల్లో తెచ్చి, పాతకాలం పని తెలిసిన వడ్రంగుల చేత మళ్ళీ నిలబెట్టించారు. పుదుప్పళ్ళి నుంచి తెచ్చిన కేరళ క్రిస్టియన్ల ఇల్లు 1850 నాటిది, మొత్తం చెక్కే, చూస్తే పెట్టెలాగ వుంటుంది. మట్టిల్లు మాత్రం అలా విప్పలేం కదా, గోడ పెళ్ళగిస్తే మళ్ళీ మట్టే, అందుకని అలాంటివి అక్కడే కొత్తగా కట్టాల్సిందే. ప్రపంచంలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది స్వీడన్ వాళ్ళు, స్టాక్‌హోంలో స్కాన్‌సెన్ అని, 1891లో, ఆర్తుర్ హాజెలియస్ అనే ఆయన, ఫ్యాక్టరీలొచ్చి పల్లెలు మాయమైపోతున్నాయని దిగులుపడి.

ఇక్కడొక మాట. కట్టడాలు విప్పి తీసుకెళ్ళడం మనకి తెలీని విద్యేం కాదు. నాగార్జునసాగర్ నీళ్ళొస్తున్నాయని నాగార్జునకొండ కట్టడాల్ని కొండ మీదకీ, ఒడ్డున అనుపుకీ తరలించారు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. గుడి తరలించారు, మంచిదే. ఆ నీళ్ళ కిందే వందకి పైగా ఊళ్ళు పోయాయి, వాటిల్లోంచి ఒక్క రైతిల్లు, ఒక్క కుమ్మరిల్లు, ఒక్క నేతిల్లు ఎవరైనా నంబర్లేసి విప్పారా? దేవుడిల్లు గుర్తొచ్చింది గానీ మనిషిల్లు ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు పోలవరం ముంపులోనూ అదే కథ. నాకు దక్షిణచిత్రలో వున్న రెండు తెలుగిళ్ళు చూస్తే సంతోషం కన్నా ముందు ఈ సంగతే గుచ్చుకుంటుంది.

మీటింగులో ఇంకో బాబాయి అన్నారు, "మనూరి ఇల్లు చూడ్డానికి మెడ్రాసులో టికెట్ కొనాలా" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ బాబాయీ, మనూళ్ళో ఆ ఇల్లేదీ? మా అమ్మమ్మ వాళ్ళ చుట్టిల్లు తీసేసి శ్లాబేసి ఇరవై ఏళ్ళు దాటింది. దాని ఫోటో కూడా ఒక్కటే వుంది, అదీ మా మావయ్య పెళ్ళి ఫోటోలో వెనకాల సగం చూరు.

చుట్టిల్లు గురించి చెప్పకుండా వుండలేను. విశాఖ, శ్రీకాకుళం తీరం వెంబడి ఒకప్పుడు ఎక్కడ చూసినా ఇవే. గుండ్రంగా మట్టి గోడ, పైన తాటాకు గొడుగు, చూరు ఎంత కిందకి దిగుతుందంటే వంగకుండా లోపలికెళ్ళలేం. అత్తగారికి దండం పెట్టని కోడలైనా ఆ ఇంటికి దండం పెట్టాల్సిందే అని అమ్మమ్మ జోకు. గుండ్రం ఎందుకంటే తుఫాను గాలికి మూల దొరకదు, గాలి గోడ చుట్టూ జారిపోతుంది. చూరు కిందకి వుండేసరికి వాన గోడకి తగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగులో అద్దాల బిల్డింగులన్నీ ఏమయ్యాయో చూశాం కదా, ఆ రోజు ఫోన్లు కలిశాక అమ్మ మొదటి మాట, "చుట్టిల్లయితే తాటాకు పోయుండును, మనుషులకి ఏటీ అవకపోను." అది నిజమో కాదో ఇంజనీర్లు చెప్పాలి, అమ్మ నమ్మకం అది.

అలాగని అమ్మకి ఆ ఇంట్లో మళ్ళీ కాపురం వుండాలనేం లేదు, అడిగితే కొడుతుంది. తాటాకు మూడు నాలుగేళ్ళకోసారి మార్పించాలి, వానాకాలం తేళ్ళు, పొగ పోయే దారి లేక కళ్ళ మంటలు, ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ ఎగిరిందంటే వరసగా పది ఇళ్ళు. చిన్నప్పుడు అగ్గి తగిలిన రోజు గురించి ఇప్పటికీ చెప్తుంది, బిందెలు పట్టుకుని ఊరంతా చెరువుకి పరిగెత్తడం. ఇవన్నీ అక్కడి బోర్డు మీద రాసి పెట్టడానికి చోటెక్కడ సరిపోతుంది, ఇవి మనిషే చెప్పాలి. నేను పెద్దవాళ్ళు పెద్దవాళ్ళు అని గొడవ చేసేది ఇందుకే.

రెండో తెలుగిల్లు కొయ్యలగూడెం నేతగాళ్ళది. చౌటుప్పల్ దగ్గర కొయ్యలగూడెం, అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పోచంపల్లి చీరలని మనం అనే ఇకత్ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో నేస్తారు. మిగతా చీరల్లో డిజైను మగ్గం మీద పడుతుంది, ఇందులో మగ్గం ఎక్కకముందే దారంలోనే వుంటుంది, లెక్క ప్రకారం దారాన్ని కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ వేరే చోట కట్టి, మళ్ళీ ముంచి. నేసేటప్పుడు ఆ రంగు ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటే పువ్వో ఏనుగో వస్తుంది, కొంచెం అంచులు చెదిరినట్టుంటుందే, అదే దాని అందం.

పోయినసారి మనతో వచ్చిన పోచంపల్లి వైపు పెద్దమ్మ వున్నారు కదా, ఎప్పుడూ మాట్లాడరు, ప్రసాదం దగ్గర మాత్రం కనపడతారు. ఆవిడ ఆ ఇంట్లో మగ్గం పక్కన నిలబడి గాల్లో చెయ్యి ఇటు అటు, పైకి కిందకి ఊపడం మొదలెట్టారు. పిల్లలు ఏదో డ్యాన్సనుకుని నవ్వారు. "గిట్ల ఆసు పోస్తరు బిడ్డా" అన్నారు. మేకులకి దారం చుట్టుకుంటూ పోవాలి, ఒక్క చీరకి దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి అలా వెళ్ళి రావాలి, ఇంట్లో ఆడవాళ్ళ పనే అది, భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం చేసింది, దానికి ఆవిడ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇది పేపర్లో చదివా నేను. కానీ ఆ నొప్పి ఎలా వుంటుందో ఆ పెద్దమ్మ చెయ్యి ఊపుతుంటేనే తెలిసింది, డెబ్భై దాటినా ఆ భుజం ఇప్పటికీ లెక్క తప్పట్లేదు. ఇంకో ప్రశ్న అడుగుదామనుకునేలోపు మళ్ళీ హారను.

శిల్పారామం చూసేశాం కదా అనేవాళ్ళకి, అవును, మాదాపూర్లో 1992లో పెట్టింది, అందులో గ్రామీణ మ్యూజియం కూడా వుంది, నిలువెత్తు బొమ్మలు కుండలు చేస్తూ, నేస్తూ వుంటాయి, మా పిల్లలకీ నచ్చింది. దక్షిణచిత్రలో మాత్రం నిజంగా జనం కాపురమున్న ఇళ్ళే కొన్ని, గడపలు కాళ్ళ కింద అరిగి గుంటలు పడ్డాయి, ఆ తేడా అక్కడికెళ్ళి నిలబడితేనే అర్థమవుతుంది.

నాకు నచ్చని సంగతొకటి కూడా చెప్పేస్తా, లేకపోతే కమీషన్ తీసుకుని రాస్తోంది అంటారు. ఇలాంటి మ్యూజియం ఏ దేశంలోదైనా ఊరు కన్నా శుభ్రంగా వుంటుంది. పేడ వాసన వుండదు, ఈగలుండవు. అగ్రహారం ఇల్లు చూసి నాలుగడుగులేస్తే కుమ్మరిల్లు, ఇంకో నాలుగడుగులేస్తే ఇంకో ఇల్లు, అన్నీ పక్కపక్కనే, మన పిల్లలు అన్నింట్లోకీ చెప్పులేసుకుని దూరిపోతారు. నిజం ఊళ్ళో అలా తిరగనిచ్చేవాళ్ళా? ఎవరు ఏ వీధిలోకి రాకూడదో, ఎవరు ఏ బావిలో నీళ్ళు తోడుకోకూడదో మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు, కొందరు పడ్డారు, కొందరు పెట్టారు. అది కూడా పిల్లలకి చెప్పమనండి. ఆ అరుగు ఎవరు కూర్చోడానికి, ఎవరు కూర్చోకూడదనీ అడగాలి.

ఇంక ప్లానింగు సంగతులు, మీకు పనికొచ్చేవి.

మంగళవారం మ్యూజియం సెలవు. ఇది పెద్దక్షరాలతో రాసుకోండి, ఎందుకంటే ఒకసారి మనం సోమవారం పండగ సెలవు కలిసొచ్చిందని మంగళవారానికి జరిపిన పిక్నిక్ వుంది, అప్పుడు వేరే చోటు కాబట్టి బతికిపోయాం. టికెట్ రేట్లు, గ్రూపు తగ్గింపు, తెరిచే టైములు ఫోన్ చేసి కనుక్కోండి, పాత రేట్లు నమ్మకండి. పులిహోర డబ్బాలు లోపలికి రానిస్తారో లేదో అదే ఫోన్లో అడగండి. లోపల రెస్టారెంటుంది గానీ అరవైమంది ఒక్కసారి ఒంటిగంటకి వెళ్ళి పడితే ఏ వంటవాడైనా పారిపోతాడు, ముందే చెప్పాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మెడ్రాసు వానలు తెలిసినవే, ఏప్రిల్ మే ఎండ సంగతి చెప్పక్కర్లేదు, అంతా ఆరుబయటే, ఇంటికీ ఇంటికీ మధ్య నడకే. జనవరి ఆఖరు బెస్టు, సంక్రాంతికి ఊరెళ్ళిన వాళ్ళు కూడా వచ్చేస్తారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు భయపడొద్దు, చాలా ఇళ్ళకి అరుగులున్నాయి, అరుగు కట్టిందే కూర్చోడానికి. గడపలు మాత్రం ఎత్తు, లోపల చీకటి, చేతికర్ర వున్నవాళ్ళ పక్కన ఒక కుర్రాణ్ణి వెయ్యండి. సొంతంగా వచ్చేవాళ్ళకి, మామల్లపురం (అదే, మహాబలిపురం) వెళ్ళే ఈసీఆర్ బస్సులు మ్యూజియం ముందునుంచే వెళ్తాయి, ముట్టుకాడు దాటిపోకుండా కండక్టరుకి ముందే చెప్పుకోండి.

తంబోలా వద్దు ప్లీజ్. దాని బదులు పిల్లలకి తలో కాగితం ఇవ్వండి, ఒక్కో పిల్లాడు ఒక్కో పెద్దాయన్నో పెద్దావిణ్ణో పట్టుకుని ఇళ్ళన్నీ తిరిగి పది వస్తువులకి తెలుగు పేర్లు రాసుకురావాలి. మా ఇంట్లో తిరగలి అంటే తెలంగాణ అక్క ఇసుర్రాయి అంటుంది, మా చేట వాళ్ళకి చాట, మేం గాదె అంటే ఇంకొకరు గరిసె అంటారు, మరొకరు గుమ్మి అంటారు, అవి మూడూ ఒకటి కాదు అని ఇంకో పెద్దాయన లేస్తారు, అరుగు మీద పంచాయితీ గ్యారంటీ. కుంచానికి నాలుగు మానికలా కాదా అని మా నాన్న, పక్క ఫ్లాట్ అంకుల్ ఒక రాత్రంతా కొట్టుకున్నారు, చివరికి ఇద్దరూ ఎవరి ఊరి కుంచం వాళ్ళదని రాజీపడ్డారు. కుండ చేసేవాళ్ళు, గాజు ఊదేవాళ్ళు, బుట్టలల్లేవాళ్ళు కూడా అక్కడుంటారు, పిల్లలు చక్రం మీద చెయ్యి పెట్టొచ్చు, చిలక జోస్యం కూడా వుంది. చిలకకి తెలుగు రాదు గానీ మన ఆడపడుచులు అనువాదం చేసేస్తారు.

డబ్బుల విషయానికొస్తే, అరవై అయిదు దాటిన వాళ్ళ దగ్గర టికెట్టూ బస్సూ ఏమీ తీసుకోకండి. వాళ్ళు ఆ రోజు మనకి గైడ్లు, గైడు దగ్గర ఎవరైనా డబ్బులు తీసుకుంటారా. దానికి తక్కువపడేది మేం నాలుగిళ్ళ వాళ్ళం వేసుకుంటాం, ఆల్రెడీ మాట్లాడుకున్నాం. పోచంపల్లి పెద్దమ్మ రానంటున్నారట, కాళ్ళు నొప్పులని. నేనూ మా ఆయనా కారులో తీసుకొస్తాం, ఆవిడకి ఒక్క మాట కమిటీ తరఫున ఎవరైనా ఇంటికెళ్ళి పిలిస్తే బాగుంటుంది, ఫోన్లో కాదు, బొట్టు పెట్టి.

డ్రైవరుకి కూడా చెప్పండి, సాయంత్రం అయిదున్నర దాకా హారను ముట్టుకోవద్దని.

డేట్ ఫిక్సయ్యాక తొందరగా చెప్పండి. మ్యూజియం వాళ్ళకి ఫోన్ చేసేటప్పుడు ఇంకో పర్మిషన్ కూడా అడగాలి, చుట్టింటి గుమ్మం ముందు ముగ్గు పెట్టుకోనిస్తారా అని. అమ్మ అప్పుడే ముగ్గుపిండి డబ్బా తీసి బ్యాగు పక్కన పెట్టుకుంది.